బ్రేక్ ఆయిల్ నిండుకుంది

నేను పుట్టుకతోనే పిరికివాణ్ణి. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువగా మా అక్క మొగుడికి తెలుసు. మా బావ నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. నలుగురిలో ఉన్నా సరే, "ఏందిరా పిరికి బామ్మర్దీ" అనేవాడు. నాకు ఒళ్లు మండేది గానీ, కాదని ఎలా అనను? గోదావరి వంతెన మీద బస్సు పోతున్నంతసేపూ కళ్లు మూసుకునే రకాన్ని.

అలాంటివాణ్ణి తీసుకెళ్లి లారీ ఆఫీసులో గుమాస్తాగా పెట్టించింది కూడా ఆయనే. ఎనభైల మొదట్లో మాట. నేను ఇంటర్ తప్పి పాల్వంచలో ఖాళీగా తిరుగుతుంటే, "మా ఓనర్‌కు రాసేటోడు కావాల్నట, నడువ్" అని భద్రాచలం పట్టుకొచ్చాడు. ఓనరుగారిది సత్తుపల్లి వైపు వ్యవసాయ కుటుంబం. ఆయనకు ఆరు లారీలుండేవి. అడవిలో కొట్టిన వెదురును కాగితం మిల్లుకు తోలడం మా పని. పొద్దున్నే ఖాళీ బండితో బయల్దేరి, చింతూరు దాటి ఘాట్ ఎక్కి, పైన లోడు చేసుకుని మధ్యాహ్నానికి మళ్లీ అదే ఘాట్ దిగాలి. మా బావ అందులో ఒక బండికి డ్రైవరు. నేను ఆఫీసు కిటికీ దగ్గర కూర్చుని, ఏ బండి ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది అని రాసేవాణ్ణి. ఘాట్ ఎలా ఉంటుందో నేను చూడనే లేదు. చూడాలని కోరిక కూడా లేదు.

నేను చేరిన రెండో ఏడు మా లారీ ఒకటి దిగుతూ దిగుతూ లోయలోకి పోయింది. డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. అతని చెప్పులు రెండూ ఎవరో గోనెసంచిలో వేసి తెచ్చి ఆఫీసు అరుగు మీద పెట్టారు. ఇంటివాళ్లు వచ్చి తీసుకుపోతారని పది రోజులు ఆ సంచి నా బల్ల పక్కనే ఉంది. ఎవరూ రాలేదు. రోజూ పొద్దున బావ బండి ఎక్కేటప్పుడు నా చూపు ముందు ఆయన కాళ్ల మీదికే పోయేది. ఆయన వేసుకున్నవి కూడా అలాంటి టైరు చెప్పులే. బండి తిరిగొచ్చి హారన్ వినిపించేదాకా నాకు అన్నం దిగేది కాదు.

ఆ భయంలో నుంచి పుట్టిందే నా బుక్కు. పెద్ద రిజిస్టరులో గడులు గీశాను. టైర్లు, లైట్లు, హారను, స్టీరింగు, బ్రేక్ ఆయిల్. పొద్దున బండి కదిలే ముందు మేస్త్రీ ఒక్కొక్కటీ చూసి అరవాలి, నేను కిటికీలో నుంచి అడిగి టిక్కు పెట్టాలి, కింద సంతకం చెయ్యాలి. ఏ ఒక్కటి తక్కువున్నా బండి కదలకూడదు. చెప్పులు చూసి ఓనరుగారు కూడా బెదిరిపోయి ఉన్నారేమో, వెంటనే ఒప్పుకున్నారు. డ్రైవర్లు మాత్రం నవ్వారు.

"నీ బుక్కు పోయి బ్రేక్ తొక్కుతదారా?" అన్నాడు బావ.

డ్రైవర్లకు ఎవరి పద్ధతులు వాళ్లకున్నాయి. ఒకాయన స్టీరింగు కళ్లకద్దుకునేవాడు. ఒకాయన రాడ్డుతో టైర్లన్నీ కొట్టి చప్పుడు వినేవాడు. బావది ఇంకో పద్ధతి. బండెక్కే ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, చూపుడు వేలు ముంచి, ఎంతదాకా తడిసిందో చూసుకుని, ఆ వేలు తలుపు లోపలి వైపు రాసేవాడు. ఆ తలుపు నిండా జిడ్డు గీతలు. వాటికి దుమ్ము పట్టి నల్లబడేవి. ఒకదాని పక్కన ఒకటి, ఎన్ని ట్రిప్పులో అన్ని గీతలు. అక్క ఒకసారి ఆ తలుపు కడగబోతే ఆయన ఊరుకోలేదు.

ఆ అలవాటు మాన్పించింది నేను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మేస్త్రీ చూసి, నేను రాసి, సంతకం చేశాక కూడా మా బావే మళ్లీ మూత తీసి చూస్తుంటే, మిగతా డ్రైవర్లు నా వైపు తిరిగి ముసిముసిగా నవ్వేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది.

"నా బుక్కును నువ్వే నమ్మకపోతే వేరేటోళ్లు ఎట్ల నమ్ముతరు బావా?" అని అడిగాను ఒకరోజు, కొంచెం గట్టిగానే.

ఆయన నా మొహం చూసి నవ్వాడు. "సరే తీయ్. నువ్వు రాసినవంటే అయిపాయె. ఇగ ముట్ట."

అన్నమాట ప్రకారం ముట్టలేదు. తలుపు మీద గీతలు అక్కడితో ఆగిపోయాయి. మూడు నెలలు అంతా బాగానే నడిచింది. నాకు కొంచెం పొగరు కూడా వచ్చింది. అన్నం దిగడం మొదలుపెట్టింది.

మా మేస్త్రీ గురించి చెప్పాలి. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి, అరవైకి దగ్గరపడ్డవాడు. చేతిలో పని ఉన్నవాడు, నోట్లో మంచి మాట ఉన్నవాడు. బండి బయల్దేరే వేళ ఆయన నోటి వెంట 'లేదు', 'పోయింది', 'అయిపోయింది' అన్న మాటలు రావు. ఎవరైనా అంటే చెవులు మూసుకునేవాడు. "ప్రయాణం పెట్టుకుని ఆ మాటలేంటి బాబూ" అనేవాడు. అది ఆయన చాదస్తమని మేం నవ్వుకునేవాళ్లం.

ఆ రోజు శుక్రవారం. నవమి దగ్గరపడుతోంది, భద్రాచలం అంతా యాత్రికులు. బావ బండి క్లీనరు జ్వరమని రాలేదు. బావ ఒక్కడే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకుంటున్నాడు. మేస్త్రీ బండి కిందనుంచి లేచి చేతులు తుడుచుకుంటున్నాడు. నేను కిటికీలో నుంచి వరసగా అడుగుతున్నాను. టైర్లు బాగున్నాయి. లైట్లు బాగున్నాయి. హారన్ బాగుంది.

"మేస్త్రీ, బ్రేక్ ఆయిల్ నిండుగ ఉన్నదా?"

"నిండుకుంది బాబూ."

నేను టిక్కు పెట్టాను.

"నేను పాల్వంచ వెళ్లొస్తా, బండి సంగతి మీరు చూడండి" అని మేస్త్రీ సంచి భుజాన వేసుకుని బస్సు కోసం పోయాడు. ఏ సామానుకో పోతున్నాడనుకున్నాను. సంతకం చేసి, "పో బావా" అని చెయ్యి ఊపాను. నిమ్మకాయలు చితికాయి. బండి వెళ్లిపోయింది.

బస్సుల్లో జనం వల్ల మేస్త్రీ తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. చేతిలో కొత్త ఆయిల్ డబ్బా ఉంది. వస్తూనే షెడ్డు వైపు చూసి ఆగిపోయాడు.

"బండేది?"

"పోయిందిగా, ఏడింటికే."

"ఎలా పంపించావు? నిండుకుందని చెప్పాను కదా!"

"అవ్. నిండుగ ఉన్నదన్నవుగా. రాసిన." బుక్కు తిప్పి చూపించాను.

ఆయన బుక్కు చూడలేదు. నా మొహమే చూస్తున్నాడు. "నిండుకోవడమంటే అయిపోవడం బాబూ. ఇంట్లో బియ్యం అయిపోతే బియ్యం నిండుకున్నాయి అనరా మీ ఇళ్లల్లో?"

అనరు. మా అక్క "బియ్యం ఒడిసినయ్" అంటుంది. మా అమ్మ కూడా అదే అనేది. నిండుకోవడమన్న మాట నేను ఎక్కడైనా విన్నానో లేదో గుర్తు లేదు. విని ఉన్నా, బియ్యం గురించి ఆడవాళ్లు అనేదే విని ఉంటాను గానీ, లారీ కింద నుంచి లేచిన మేస్త్రీ బ్రేక్ ఆయిల్ గురించి అంటాడని కలలో కూడా అనుకోలేదు. నేను 'నిండుగా' అని అడిగాను, ఆయన 'నిండు' అన్నాడు. నా గడిలో ఆ మాట చక్కగా సరిపోయింది.

వెనక చక్రం దగ్గర కారుతుంటే బిగించాడట. బండి డబ్బాలో అడుగున కాస్త మిగిలిందట. షెడ్డులో చుక్క లేదు, ఊళ్లో దొరకలేదు, అందుకే పాల్వంచ పోయాడు. తక్కువుంటే బండి కదలకూడదన్నది నేను పెట్టిన రూలే కదా, కదలదన్న ధైర్యంతో పోయాడు.

ఖాళీ బండి ఎక్కేటప్పుడు బ్రేకుతో పెద్ద పని ఉండదు. లోడుతో దిగేటప్పుడే ఉంటుంది. పైన లోడు చెయ్యడానికి మూడు గంటలు పడుతుంది. అంటే రెండింటికో, ఇంకాస్త ముందో బావ దిగడం మొదలుపెడతాడు. ఓనరుగారు ఖమ్మం పోయారు, ఆయన మోటార్ సైకిల్ షెడ్డులో ఉంది. మేస్త్రీ దాన్ని బయటికి తీశాడు. నేను వెనక కూర్చుని ఆయిల్ డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను.

ఆ దారి ఎంత పొడుగో నాకు ఆ రోజే తెలిసింది. రోడ్డు పక్కన ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు గంపలు పెట్టుకుని పూలు ఏరుతున్నారు. ఆ తియ్యటి వాసన దారంతా వెంటే వచ్చింది. ఇవాళ్టికీ ఇప్పపువ్వు వాసన నాకు పడదు. ఎదురుగా లారీ కనిపించినప్పుడల్లా, మాది కాదని తెలిసేదాకా ఊపిరి బిగబట్టేవాణ్ణి. కాదని తెలిశాక ఇంకా భయమేసేది. ఒకచోట మేస్త్రీ వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "పైన బండెక్కే ముందు వేలు పెట్టి చూసుకుంటాడులే మీ బావ. ఆయనకది అలవాటే."

నేను ఒళ్లో డబ్బా సర్దుకున్నాను. మళ్లీ అడిగాడు, "చూసుకుంటాడు కదా?"

"చూడడు. నేనే వద్దన్న."

ఆయన హ్యాండిల్ మీదికి వంగాడు. బండి వేగం పెంచాడు. చింతూరు దాటేసరికి ఎండ నడినెత్తి దాటింది.

ఘాట్ మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. కిందికి చూడకూడదని కొండ వైపే చూస్తున్నాను. ఘాట్‌లో మలుపు మలుపుకీ రెండేసి హారన్లు కొట్టడం డ్రైవర్ల రివాజు. ఆపకుండా హారన్ కొడుతూ దిగుతున్నాడంటే, బండి నా చేతిలో లేదు, తప్పుకోండి అని అర్థం. ఆఫీసులో కూర్చుని డ్రైవర్ల మాటల్లో విన్నదే. మూడో మలుపు ఎక్కుతుంటే పైనుంచి హారన్ వినిపించింది. రెండు కాదు. ఆగలేదు.

మా బండి హారన్ నాకు తెలుసు. రెండేళ్లు ఆ చప్పుడు కోసమే కిటికీలో కూర్చున్నవాణ్ణి.

మేస్త్రీ మోటార్ సైకిల్ ఆపగానే నేను దూకి కొండ వైపు పరుగెత్తబోయాను. మేస్త్రీ నా చొక్కా పట్టుకుని ఈడ్చాడు. "అటు కాదు! బ్రేకు లేనోడు బండిని కొండకే ఆనిస్తాడు. లోయ వైపు రా!" జీవితంలో మొదటిసారి లోయ అంచున నిలబడ్డాను. మడమల కింద రాళ్లు జారి కిందికి పోతున్నాయి. అవి అడుగున పడిన చప్పుడు వినిపించలేదు. ఎదురుగా మలుపు. హారన్ దగ్గరైంది. ఇంజను ఏడుస్తున్నట్టు కూస్తోంది.

బండి మలుపు తిరిగింది. ముందు వెదురు కనిపించింది, తర్వాత బావ మొహం. ఆయన మమ్మల్ని చూశాడో లేదో తెలియదు. స్టీరింగు కొండ వైపుకి కోశాడు. బండి గట్టుకు రాసుకుంటూ, రాళ్లు లేపుకుంటూ, రోడ్డు పని కోసం పోసిన కంకర కుప్పలోకి ముక్కు దూర్చి ఆగింది. ఆగింది బండి ఒక్కటే. మీదున్న వెదురు ఆగలేదు. మోపులకు మోపులు ముందుకు జారి, వెనక చెక్క పగలగొట్టుకుని క్యాబిన్‌లోకి దూసుకుపోయాయి. హారన్ మాత్రం మోగుతూనే ఉంది.

నేను అరిచానో లేదో నాకు తెలియదు. అరిచానని మేస్త్రీ తర్వాత చెప్పాడు. నిజం చెప్తున్నాను, బండి దాకా ఆ ముప్పై అడుగులు నడవలేక రోడ్డు మధ్యలో కూలబడ్డాను. పైన వెదురు కొట్టేవాళ్లు హారన్ విని అడ్డదారిన దిగి వచ్చారు. తమలో తాము కోయలో ఏదో గట్టిగా అనుకుంటూ గొడ్డళ్లతో ఒక్కొక్క బొంగే నరికి తీశారు. వాళ్ల మాట నాకు అర్థం కాలేదు. ఉన్నాడంటున్నారో పోయాడంటున్నారో తెలియక వాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నాను. వాళ్లలో ఒకాయన నా వైపు చెయ్యి ఊపి రమ్మన్నాడు.

బావ స్టీరింగుకీ తలుపుకీ మధ్య ఇరుక్కుని ఉన్నాడు. ఒక బొంగు తల పక్కనుంచి పోయి చెవి పైభాగం కోసుకుపోయింది. కుడి భుజం కిందికి వేలాడుతోంది. మొహం అంతా రక్తం. కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"నువ్వెట్లొచ్చినవ్‌రా ఘాట్‌కు?" అన్నాడు.

ఏడ్చాను. ఆయన్ని బయటికి తీసేదాకా ఆ విరిగిన తలుపు పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను. నా చేతికి జిడ్డు అంటుకుంటే అప్పుడు చూశాను. ఆయన గీతలు. తలుపులో సగం దాకా వచ్చి ఆగిపోయాయి. మిగతా సగం ఖాళీగా ఉంది.

భద్రాచలం దవాఖానాలో అక్క వరండాలో కూర్చుని ఉంది. భుజం ఎముక, చెయ్యి ఎముక విరిగాయని, ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పేశారు. ఆమె అప్పటిదాకా ఏడవలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగింది.

"ఆయిల్ ఒడిసిందని ఈయన చూసుకోలేదా?"

"లేదక్కా."

"ఎందుకు చూడలే? రోజు వేలు పెట్టి చూస్తడుగా."

"నేనే బంద్ చేయించిన. నేను బుక్కుల రాస్తున్న, నువ్వు చూసుడెందుకన్న. ఇయ్యాల తప్పు రాసిన."

ఆమె తిడుతుందని, కొడుతుందని చూశాను. కొడితే బాగుండనిపించింది. ఆమె కొంగుతో నా చేతికి అంటిన జిడ్డు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఏడ్చింది.

మర్నాడు ఓనరుగారు వచ్చి మేస్త్రీని పని మానుకోమన్నారు. నేను అడ్డుపడి జరిగింది చెప్పాను. ఆయన నమ్మలేనట్టు చూశారు. "నిండుకోవడం తెలియదా నీకు?" అన్నారు. తెలియదన్నాను. మేస్త్రీ తల వంచుకుని, "నాదే తప్పండీ, లేదు అని చెప్పాల్సింది" అన్నాడు. బండి కదిలే వేళ ఆయన ఎన్నడూ అనని మాట అది. దాన్ని అనడానికి ఆయనకెంత కష్టమైందో ఆయన గొంతులో తెలిసింది. ఓనరుగారు ఆయన్ని పనిలోనే ఉండమన్నారు.

బుక్కు చింపేద్దామనుకున్నాను. వద్దన్నది బావే. మంచం మీద కట్లతో పడుకుని ఉన్నాడు, వాచిన మొహంతో నవ్వడానికి చూశాడు. "బుక్కు మంచిదేరా. కానీ ఇగనుంచి ఒక్కటి. నోటిమాట రాసుడు లేదు, నువ్వే వేలు ముంచు. సంతకం పెట్టినోడు బండెక్కాలె. లోడుతోని ఘాట్ దిగి, కిందికొచ్చేదాకా కూసోవాలె."

"రోజూనా బావా?"

"అవ్, రోజూ. నువ్వు బుగులుపడితేనే మంచిగ చూస్తవ్."

వేళాకోళమనుకున్నాను. కాదు. ఓనరుగారికి కూడా అదే చెప్పాడు, ఆయన సరేనన్నారు. బావ మంచం మీదున్న ఆర్నెల్లూ ఏ బండికి సంతకం చేస్తే ఆ బండిలో వెళ్లి వచ్చాను. మిగతా బండ్లలో ఒకదానికి మేస్త్రీ, తక్కినవాటికి వాటి క్లీనర్లు సంతకం చేసి, వాటిలోనే వెళ్లేవాళ్లు. నిండుగా, తక్కువ అన్న మాటలు బుక్కులో తీసేశాం. వేలు ఎన్ని కణుపుల దాకా తడిసిందో అంకె వేసేవాళ్లం. నేను ఒక్కోసారి రెండుసార్లు ముంచేవాణ్ణి, మూడుసార్లు ముంచేవాణ్ణి. డ్రైవర్లు విసుక్కునేవాళ్లు గానీ, నవ్వడం మానేశారు. ఘాట్ దిగుతున్నంతసేపూ సీటు అంచు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆ భయం ఎన్నేళ్లు తిరిగినా పోలేదు.

బావ మళ్లీ బండెక్కిన రోజు బాగా గుర్తుంది. క్యాబిన్ కొత్తది కట్టారు. తలుపు మాత్రం పాతదే సాపు చేయించి పెట్టించుకున్నాడు. అక్క షెడ్డు దాకా వచ్చి ఓ పక్కన నిలబడింది. నేను ఆయిల్ డబ్బా మూత తీసి వేలు ముంచాను. రెండు కణుపులు. బావకు చూపించాను. ఆయన చూసి తలూపాడు. వేలు తుడుచుకుందామని గుడ్డ కోసం అటూ ఇటూ వెతుకుతుంటే, సరిగ్గా లేవని ఆ కుడి చేతిని కాస్త ఎత్తి తలుపు చూపించాడు.

ఆయన గీతలు ఆగిపోయిన చోట, పక్కనే నా వేలు రాశాను. నా గీత వంకరగా వచ్చింది.

"ఎక్కురా పిరికి బామ్మర్దీ" అన్నాడు బావ.

సంతకం చేసి ఎక్కాను.